జర్మనీ డబ్బాలో బిస్కెట్లు

ఎనభై నాలుగో సంవత్సరం, క్రిస్మస్ ముందు వారం. సఖినేటిపల్లి నుంచి పొద్దుటి బస్సుకి వచ్చిన జ్ఞానమ్మ రాజోలు దగ్గర తమ్ముడి ఇంటి అరుగు మీద కూర్చుంది. తమ్ముడు ఏసుపాదం కువైట్ వెళ్ళి మూడేళ్ళు. మరదలు సువర్ణ, అతను పంపిన ఓ రేకు డబ్బా తెచ్చి ముందు పెట్టింది.

"మూత సగమే తీస్తావేంటమ్మాయ్? కళ్ళారా చూడనీ. ఇదేనా ఆ జర్మనీ బిస్కెట్టు?"

"డబ్బా అదేనండి వదినగారూ."

"ఆ మూత మీద బొమ్మ చూడు. మంచు, కొండ, గొర్రెలు. మనూరి బేకరీ డబ్బా మీద ఏవుంటుంది, మసి తప్ప."

"బొమ్మ తర్వాత చూద్దురు గాని, ముందు తినండి."

"ఉండు, చెయ్యి కడుక్కొస్తాను."

"కారప్పూసకెప్పుడూ కడుక్కోలేదు గదండి."

"కారప్పూసా ఇదీ ఒకటేనా? వెటకారం ఆపి ఆ చెంబిలా ఇయ్యి. ఆఁ. ఇప్పుడు పెట్టు."

"ఎలా ఉందండి?"

"ఆగు."

"సరేనండి."

"మాట్లాడించకు. నోట్లో వేసుకుంటే నమిలే పనే లేదు. వెన్న, సువర్ణా, వెన్నంటే ఇదీ. ఇంకోటియ్యి."

"డాల్డా వాసన రావట్లేదాండి?"

"నీ మొహం. జర్మనీ వాళ్ళకి డాల్డా ఖర్మేంటి? నీ నాలిక డాల్డాకి అలవాటు పడిపోయింది గాబట్టి నీకు అన్నీ అదే వాసనొస్తాయి."

"అయ్యుండచ్చండి."

"ఆ తెలుపు చూడు. దొరబాబులా ఎలా ఉందో. అంచు కూడా ఎర్రబడనివ్వలేదు. పట్టుకుంటే పొడి పొడిగా రాలిపోతోంది, అదీ గుల్లదనం. మొన్న మా మరిది రాంబాబు చేత నీకు పంపేనే, నా బిస్కెట్లు, అవి తిన్నావా?"

"తిన్నానండి. బాగున్నాయి."

"మొహమాటానికనకు. నాకు తెలీదా? ఏటా మా ఊళ్ళో బేకరీకే పిండిచ్చి కాల్పించుకునేదాన్ని. ఈసారి పండగ రద్దీ, వంతు రాదన్నారు. సరేనని మైదా, పంచదార, డాల్డా అన్నీ కట్టి, మా మరిది చేత గోదావరి దాటే పంటెక్కించి నరసాపురం బేకరీకి పంపేను. అక్కడెవడో కొత్త పనివాడట. తగలేసేడు."

"ఏం చేసేడండి పాపం?"

"పాపమేంటి, పాపం నాది. గుండ్రంగా చెయ్యమని చెప్పి పంపితే పలకల్లా కోసేడు. పైన చిల్లులు పొడిచేడు. రంగు లేదు, పాలిపోయి రోగిష్టి మొహంలా ఉన్నాయి. పట్టుకుంటే పొడి పొడిగా రాలిపోతాయి. యాలకులు పంపితే అవీ వెయ్యలేదు, తిరిగి పొట్లం కట్టి పంపేడు. పిండంతా నేలపాలు చేసినట్టే."

"ఇవీ పలకలే గదండి. వీటికీ చిల్లులున్నాయి."

"ఆ చిల్లులూ ఈ చిల్లులూ ఒకటేనా అమ్మాయ్? ఇవి చూడు, ఎంత వరసగా ఉన్నాయో, మిషను పొడిచింది. వాడు ఇలాంటివి ఎక్కడో చూసుంటాడు. చూసి, తనూ చేసేద్దామని నా పిండి మీద నేర్చుకున్నాడు. చేతకాని వెధవ. తప్పు తెలిసినట్టుంది, కూలి కూడా పుచ్చుకోలేదట."

"పుచ్చుకోలేదాండి?"

"పిండెవరిదని అడిగేడట. సఖినేటిపల్లి జ్ఞానమ్మగారిదని మా మరిది చెప్పేడు. అంతే, ఇంక కూలి వద్దన్నాడట. నా పేరు రేవు అవతల కూడా అంత గట్టిగా వినపడుతోందన్నమాట. పాడుచేస్తే ఊరుకోదని భయపడుంటాడు."

"భయమే అయ్యుంటుందండి. టీ పెట్టమంటారా?"

"టీ కాదు, వచ్చిన పని చెప్పనీ. మా జోజి సంగతి."

"ట్రైనింగు సీటొచ్చిందటగా. చర్చిలో ఫాదరుగారు చెప్తే ఎంత సంతోషించేనో. మాస్టారవుతాడు."

"అవడు."

"అదేంటండి?"

"రేపు పొద్దున్నే వెళ్ళి ఆ సీటొద్దని రాసిచ్చేసి వస్తాడు. వాణ్ణి కువైట్ పంపుతాను. మావయ్య దగ్గరికి."

"వదినగారూ, తొందరపడకండి."

"తొందరేంటి? సుద్దముక్కల పొడి పీలుస్తూ ముసలాడవడానికా నేను కన్నది? నా తమ్ముడు అక్కడ మేనేజరుగా ఉంటే, వీడిక్కడ పిల్లల చేత ఎక్కాలు చదివిస్తాడా? నువ్వు ఏసుపాదానికి ఒక్క మాట చేరెయ్యి చాలు."

"ఆయన మేనేజరని ఎవరు చెప్పేరండి?"

"నువ్వే."

"నేను కొట్లో పని అన్నానండి. మేనేజరని అంబాజీపేట దాకా చాటింపేసింది మీరు."

"కొట్టంటే మాటలా? జర్మనీ సరుకులమ్మే కొట్టు."

"తేదీ దాటిపోవస్తోందని సగం ధరకి అమ్మేసే కొట్టండి అది. డబ్బా అడుగున చూడండి, ఒక ధర మీద ఇంకో ధర, దాని మీద ఇంకోటి, మూడు చీటీలు అతికించేరు. అక్కడ కూలోళ్ళు కొనుక్కునే బిస్కెట్లే ఇవి. మీరు చెయ్యి కడుక్కుని తింటున్నారు."

"నీకెప్పుడూ ఇంతే. మొగుడు బంగారం పంపినా ఇత్తడేమోనని గీకి చూస్తావు."

"బంగారం పంపితే గీకేదాన్నేనండి. ఆ కొట్టు వెనకాల రొట్టెల పొయ్యి ఉండేది, ఎక్కువ రోజులు అక్కడే చేయించేవారు ఆయన చేత. పిండి పిసకడం, కాల్చడం."

"ఉండేదేంటి, చేయించేవారేంటి? మానేసేడా?"

"అబ్బే. మాట వరసకన్నానండి. ఇంకో బిస్కెట్టు తీసుకోండి."

"నీళ్ళు నమలకు. నువ్వేదో దాస్తున్నావు. మా జోజి వెళ్తే నీ మొగుడి సంపాదన తరిగిపోతుందనా?"

"ఎంత మాటండి."

"మరి ఎందుకు ఆపుతున్నావు? సరే, అడక్కూడదనుకున్నాను, అడిగిస్తున్నావు. శనివారం శనివారం పంటు మీద నరసాపురం ఎందుకెళ్తున్నావు?"

"కుట్టుమిషను పనండి."

"మిషను రాజోల్లో లేదా? రేవులో చూసినవాళ్ళు నాకు చెప్తూనే ఉన్నారు. కేరేజీ పట్టుకుని వెళ్తావటగా. మిషనుకి అన్నం పెడతావా? మొగుడు దేశం కాని దేశంలో ఉన్నాడు, పదిమంది పది రకాలుగా అనుకుంటారు."

"అనుకోనివ్వండి."

"అదేం జవాబు?"

"అంతకంటే పెద్ద జవాబు మీరు విన్లేరండి."

"నాకు చెప్పేదానివేనా నువ్వు. వాడొస్తాడుగా, వాడితోనే చెప్తాను."

"చెప్పండి. ముందు జోజిని ఆ సీటు వదులుకోనివ్వకండి. నా మాట వినండి వదినగారూ, మీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను. వాడి పరీక్షకి దీపం ముందు కూర్చోబెట్టి చదివించింది నేను. వాడు మాస్టారవుతాడని నాకూ ఓ ఆశుంది."

"ఆశ నీకు, కడుపు వాడికి. ఇలాంటి బిస్కెట్లు తినే దేశం వదులుకోమంటావు. ఈ ఒక్క ముక్క చాలు నాకు, నిర్ణయం అయిపోయింది. ఈ రుచి మన దేశంలో ఎవడి చేతికైనా వస్తుందా చెప్పు?"

"ఒట్టేసి చెప్తారా?"

"బైబిలు తే, దాని మీద వేస్తాను. ఈ చెయ్యి మనవాళ్ళది కాదు."

"అయితే వినండి. ఇవి మీరు పంపినవే."

"ఏవి?"

"ఈ బిస్కెట్లు. మొన్న రాంబాబుగారి చేత పంపేరే, అవే. జర్మనీ డబ్బా పోయినేడాదిది. బొత్తాలు, దారాలు పెట్టుకున్నాను. పొద్దున్న మీరొస్తున్నారని కబురందగానే ఖాళీ చేసి, తుడిచి, మీవి సర్దేను."

"పోవమ్మా."

"రోగిష్టి మొహంలా పాలిపోయినవీ, దొరబాబులా తెల్లగా ఉన్నవీ రెండూ ఇవేనండి. చేతకాని చిల్లులూ, మిషను చిల్లులూ ఇవే."

"నన్ను కూర్చోబెట్టి నవ్వుకున్నావన్నమాట."

"నవ్వలేదండి. నవ్వొచ్చింది, మింగేను."

"సిగ్గులేదూ? పెద్దదాన్ని, ఆడపడుచుని, నా ఎంగిలి నాకే పెట్టి…"

"ఎంగిలి కాదండి, మీ పిండే. జోజి సీటు పోతుందంటే ఇంతకంటే ఏం చెయ్యాలో నాకు తోచలేదు. కువైట్ రుచీ, కువైట్ గొప్పా అంతా ఆ మూత మీద బొమ్మలోనే ఉందని మీ నోటితో మీకే తెలియాలనుకున్నాను."

"తెలిసింది లే. అయినా బిస్కెట్టు సంగతి వేరు, ఉద్యోగం సంగతి వేరు. బిస్కెట్టులో మోసపోయేనని నా కొడుకు బతుకులో వెనక్కి తగ్గుతానా? వాడు వెళ్ళి తీరతాడు. అక్కడ చేరదియ్యడానికి వాడి మావయ్య ఉన్నాడు."

"లేరండి."

"ఏంటి లేరు?"

"అక్కడ లేరు. ఆ కొట్టు మూసేసేరు. దసరాకి ముందే అందర్నీ పంపించేసేరు."

"పంపించేస్తే ఎక్కడున్నాడు మరి? ఇంటికి రాలేదే. నీకు తెలుసా? సువర్ణా, మాట్లాడు. నా తమ్ముడెక్కడ?"

"దండలేసి బస్సెక్కించిన ఊళ్ళోకి ఉత్తి చేతుల్తో ఎలా రానన్నారు. ముఖ్యంగా మీకు చెప్పద్దన్నారు. మీరు మేనేజరని చాటింపేసేరుగా, అక్క తల తీసేసినట్టవుతుందన్నారు. నా చేత ప్రమాణం చేయించుకున్నారు."

"ప్రమాణం తర్వాత. ఎక్కడున్నాడో చెప్పు. తిండి తింటున్నాడా?"

"శనివారం శనివారం కేరేజీ తీసుకెళ్తున్నానుగా."

"నరసాపురంలోనా? ఇంత దగ్గర? ఏం చేస్తున్నాడు అక్కడ?"

"రాంబాబుగారు ఆ పనివాడి మొహం చూసేరాండి?"

"లేదు. తలకి తువ్వాలు చుట్టుకుని, పొయ్యి వైపు తిరిగే మాట్లాడేడట. నా పేరు వినగానే కూలి వద్దని… సువర్ణా."

"తోడబుట్టిన అక్క పిండికి కూలెలా పుచ్చుకుంటారు వదినగారూ."