తాతకు సమజైతే చాలు

బడి గడప తొక్కకుండా ఇంట్లోనే చదివి, ఓపెన్ పరీక్షలు రాసిన మనవరాలు యూనివర్సిటీలో చేరి నాలుగు రోజులే అయింది. సారు తాతను తీసుకురమ్మన్నాడనగానే ముసలాయన కంగారుగా బయల్దేరాడు. మెట్టుగూడలో బస్సెక్కింది మొదలు ఆమె చెప్పబోయినా వినిపించుకోలేదు. తార్నాకలో దిగి, క్లాసు మెట్ల ముందు ఆగి, అప్పుడడిగాడు.

"ఏం జేసినవ్ బిడ్డా?"

"సారు బోర్డు మీద లెక్క తప్పు జేసిండు. లేచి బోర్డు కాడికి పోయి చెరిపేసిన."

"అడగకుండనే?"

"మనింట్ల ఎన్నడన్న అడిగిననా తాతా? తప్పు జూసినోళ్లదే చాక్‌పీసు అంటివి గద."

"అది మనింట్ల. గీడ అరవై మంది ముంగట సారు ఇజ్జత్ తీస్తవా? బడికి పంపక నేనే నిన్ను ఆగం జేసిన. కాలేజీ నుంచి తీసేస్తరా ఏంది?"

"పూరా ఇను. సారు నా జాగల కూసొని, నువ్వే చెప్పు అన్నడు. తాతా, నువ్వు ఇంట్ల 'సమజ్ కాలే, మళ్ల చెప్పు' అని సతాయిస్తవు గద. నీకు చెప్పినట్టే చెప్పిన. అందరు రాసుకున్నరు."

"మరి నన్నెందుకు పిలిచిండు?"

"ఎవరు నేర్పిండ్రు అని సారు అడిగితే మా తాత అని చెప్పిన. ఏం చదివిండు అంటే మూడో తరగతి అన్న. జర సేపు నవ్వి, తీసుకరా, క్లాసుల కూసోబెడ్త, ఆయనకు సమజైతే అందరికైనట్టే అన్నడు."

ముసలాయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. మెట్లెక్కుతూ అడిగాడు.

"యాడ కూసోవాలె?"

"ఎనక బెంచి ఖాళీగ ఉన్నది."

"వద్దు. ముందల్నే కూసుంట. సారు మళ్ల తప్పు జేస్తే, బోర్డు దగ్గరుండాలె గద."