కోతులు కింద, మా వోడు పైన

మధ్యాహ్నం మూడైంది. బయట దుమ్ముగాలి, ఎదురు బిల్డింగు కనపడ్డంలేదు.

"పిన్నీ, వఫ్రాలో ఆ కోతుల గొడవేంటి?" అంటావు. ఇలాంటి గాలిలోనే గుర్తొచ్చిందా సుజాతా నీకు? కిటికీ మూసెయ్యి ముందు. టీ నువ్వే పోసుకో.

మా మామా, అదే మా యజమానమ్మ, వాళ్లకి ఊరవతల ఎడారిలో, వఫ్రాలో తోటుంది. గురువారం సాయంత్రం ఇంటిల్లిపాదీ అక్కడికే. నేను వంటకి. నా కొడుకు శీను అక్కడే తోటపని. ఆవిడ కొడుకుని చిన్న కఫీల్, అంటే చిన్న యజమాని అంటాం. మీసాలొచ్చాయి గానీ ఇంకా బొమ్మలు కావాలి. ముందు చిలక, ఆనక నక్కపిల్ల, ఆనక ఈ కోతులు. ఆఫ్రికా అడవివి. ఎలా తెచ్చాడో అడక్కు. నీకూ నాకూ ఇఖామా, ఇక్కడ ఉండనిచ్చే కాయితం, గడువు దాటితే ఖలాస్, పని అయిపోయినట్టే. వాటికి ఇఖామా లేదు, ఏసీ ఉంది.

మగది, ఆడది, పిల్ల. అబ్బో, మగదాన్ని చూడాలి! నుదుటి మీద ఇటికరంగు పట్టీ, మూతికింద తెల్లటి గడ్డం. తగువు తీర్చడానికొచ్చిన పెద్దమనిషే. మీ పెదనాన్న సూరయ్య పంచాయితీలో అలాగే కూర్చునేవాడు, ఏ తగువూ తేల్చేవాడు కాదు. ఎనకవైపు మాత్రం నీలిరంగు... వద్దులే, పెళ్లికాని పిల్లవి. తిండి పెడితే బుగ్గల్లో కుక్కుకుని, మూలకి పోయి నములుద్ది. పెళ్లి బంతిలో మీ చిన్నత్తలాగ.

జంతువుల డాక్టరు చెప్పింది మా శీను నాకు తెలుగులో చెప్పాడు. అడవిలో ఏటి గట్లమ్మట, బురద నేలల్లో ఉంటాయంట. ఈత కూడా వచ్చంట. "మన కోనసీమోళ్లేనే అమ్మా" అన్నాడు. ఎక్కువ కింది కొమ్మల్లోనే, లేదా నేలమీద. ఇంకో వింత, భయమేస్తే పారిపోవు. ఎక్కడున్నది అక్కడే బిగుసుకుపోద్ది, గంటలకొద్దీ. అలా ఉంటే గద్దకీ చిరుతకీ కనపడదంట. వేటగాడికి మాత్రం కాయ కోసుకున్నట్టే.

మనం మాత్రం ఏం తక్కువ? మామా అరిస్తే గిన్నె పట్టుకుని అలాగే నిలబడతాం.

ఆ శుక్రవారం చిన్న కఫీల్ దోస్తులొచ్చారు. కోతితో ఫొటో అన్నారు, గూటి గడియ వెయ్యలేదు. అంతలో గాలి లేచింది. చూసేసరికి గూడు ఖాళీ.

ఇక తమాషా చూడాలి. దోస్తులు జీపుల్లో హారన్లు. చిన్న కఫీల్ చేతిలో అరటిపళ్ల గెల. రాయచోటి మస్తాన్ భాయ్ లేడూ, డ్రైవరు, పళ్లెం మీద గరిటె కొడతన్నాడు.

"అదేంటి భాయ్?"

"మా కొండకాడ ఇట్ల కొడ్తే కోతులు ఉరికొస్తాయి కదక్కా."

"అవి మీ రాయచోటి కోతులు కాదు భాయ్."

అందరూ పైకే చూస్తన్నారు. కోతంటే చెట్టు చివరే కదా మరి! మా వోడు కొబ్బరిచెట్లెక్కేవాడని చిన్న కఫీల్‌కి ఎవరో చెప్పారు. ఎవరో ఏంటి, వీడే చెప్పుకున్నాడు, మీసం మెలేసి. మా నాన్న చెట్లెక్కి కొబ్బరికాయల దింపు తీసేవాడు. అప్పట్లో కూలి చెట్టుకో కాయ, అంతే. ఆ కాయల మీదే పెరిగాం. సరే, ఏం చెప్తన్నా? ఆ... "ఖర్జూరం చెట్లెక్కి చూడు, యల్లా, తొందరగా" అన్నాడు చిన్న కఫీల్. మా వోడు "ఆయ్" అన్నాడు. ఆయ్ అంటే ఏంటో అతనికి తెలీదు. కాదనడని మాత్రం తెలుసు.

కాళ్లకి తాడు కట్టుకుని ఎక్కాడు. కొబ్బరి కాదే అది. మట్టలకి వేలెడేసి ముళ్లు. చెట్టు ఊగిపోతంది. కాసేపు కాళ్లు కనపడ్డాయి. తర్వాత దుమ్ములో అవీ లేవు. అరిచాను. నా గొంతు నాకే వినపళ్లేదు.

నిచ్చెన కోసం నీళ్లతొట్టి దగ్గరికి పరిగెత్తా. అక్కడ రేగుచెట్టు. నా నడుమెత్తు కొమ్మ మీద మూడూ ఉన్నాయి. గడ్డం నిండా దుమ్ము. రెప్ప కూడా వెయ్యట్లేదు. వాటిని చూసి నేనూ బిగుసుకుపోయా.

తల్లి చెయ్యి పిల్ల వీపు మీదుంది. అది చూశాక నా కాళ్లు కదిలాయి.

"మామా, కోతులెక్కడున్నాయో నాకు తెలుసు."

"ఎక్కడ?"

"ముందు మా శీనుని దింపించు."

"ఎక్కడో చెప్పు!"

"ముందు శీను."

ఇన్నేళ్లలో ఆవిడకి ఎదురు చెప్పడం అదే మొదలు. చిన్న కఫీల్ పళ్లు కొరికాడు. "పంపించేద్దాం దీన్ని, ఊరికి" అన్నాడు. పంపించుకో అనుకున్నా, వాణ్ణి దింపాక. మామా నా మొహం చూసింది. ఏమనుకుందో. జీపు చెట్టు మొదట్లో పెట్టించి, ఆ మోత పట్టుకుని వాడు దిగేదాకా హారన్ ఆపొద్దంది. మస్తాన్ భాయ్ జీపు పైకెక్కి, వాడి కాళ్లందుకుని దింపాడు.

చేతులు గీరుకుపోయాయి. ఒక కన్ను మూసుకుపోయింది. నన్ను చూసి ఏమన్నాడో తెలుసా? "అమ్మా, పైన ఏం లేవే."

అప్పుడు చెప్పా, రేగుచెట్టని. దుప్పట్లేసి పట్టుకొచ్చారు. ఒక్కటీ కరవలేదు. బిగుసుకుపోయినోళ్లని పట్టుకోవడం తేలికేగా.

నువ్వు కొత్తగా వచ్చావు తల్లీ. అరుపులకి కదలకుండా నిలబడు, అది బతకడమే. కదలాల్సిన పూట మాత్రం కాళ్లు రావాలి నీకు. చల్లగా ఉండు.

మామా గూటి ముందు వేలుపెట్టి లెక్కపెట్టింది. వాహద్, ఇథ్నేన్, థలాథా. ఖలాస్, అందరూ వచ్చేశారంది.

నేను మళ్లీ లెక్కపెట్టా. మగది. ఆడది. పిల్ల. మా శీను.

నలుగురు.