ఏ చీటీలో రాయాలి

బెలారస్‌లోని ఒక చిన్న చర్చిలో, ఆరాధనకు ముందు, బతికున్నవాళ్ల పేర్లు ఒకదానిలో, పోయినవాళ్ల పేర్లు ఇంకోదానిలో రాసిచ్చే ప్రార్థన చీటీలు తీసుకునే బల్ల మీద ఒకామె రెండు చీటీలు పెట్టింది. పొద్దుటినుంచీ కోపాన్ని పంటి బిగువున ఆపుకుంటూనే ఉంది.

"ఈ రెండోది బతికున్నవాళ్లదా అమ్మా, పోయినవాళ్లదా? పైన రాయలేదే," అంది బల్ల వెనకామె.

"నా కొడుకుది. తెలీదక్కా."

"కన్నకొడుకు ఉన్నాడో లేడో తెలీదా?"

"మరణశిక్ష వేశారు. ఎప్పుడు చంపేదీ చెప్పరు, చంపాక కూడా చెప్పరు. మొన్న జైలుకెళ్తే 'ఇక్కడ లేడు' అని కిటికీ మూసేశారు."

"ఓహో, ఆ అర్కాదీ తల్లివా. ఇద్దరిని పొట్టన పెట్టుకున్నవాడికి ప్రార్థన కూడానా?"

"ఆ ఇద్దరి పేర్లే మొదటి చీటీలో ఉన్నాయి, చదువు. ఏడాదిగా ప్రతి ఆదివారం రాస్తున్నా."

"శిక్ష వేసింది సర్కారు. అందులో మనం చేసేదేముంది?"

"నువ్వు మొక్కే ఆయన్ని చంపింది కూడా సర్కారే. అయినా శిలువ వేయించిన ఆ పిలాతు కూడా శవాన్ని దించుకుపోనిచ్చాడు. సమాధి ఎక్కడుందో ఆ తల్లికి తెలుసు. నాకు అదీ లేదు."

బల్ల వెనకామె రెండో చీటీని దగ్గరికి లాక్కుని కలం తీసింది.

"మరి ఏమని రాయమంటావు?"

"బతికున్నవాళ్లలో రాయి. చంపామని చెప్పడానికి వాళ్లకే నోరు రాలేదు. చచ్చాడని నాచేత రాయించకు."