బుంగమూతి ఎందుకు పెరగలేదంటే

వేటరోజు ముగిసింది, బుంగమూతి పెరగలేదు. జరిగిన నష్టం ఇంతే. మిగతాదంతా మరిది చెప్పిన కథ.

వదిన ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్. "ఊపిరి బిగబట్టండి, కదలకండి, ఇక వదలండి" అంటూ రోజంతా ఊళ్ళోవాళ్ళ ఎముకలకు ఫొటోలు తీసే మనిషి. కిందటేడు ఆవిడ మోకాలే మొరాయించింది. డాక్టరు నడవమన్నాడు. పనీపాటా లేని నడకంటే ఆవిడకి ఒళ్ళుమంట. అది చూసి కూతురు, ఫోన్లో జీవాల్ని పట్టే ఆట ఒకటి పెట్టిచ్చింది. అందులో మొట్టమొదట దొరికింది బుంగమూతి. గుప్పెడంత ఒళ్ళు, బండెడంత అలక. మనం నడిస్తే వెనకాలే గునగునా వస్తుంది, ఆగితే మూతి ముడుస్తుంది. ఆ మూతి చూడలేక వదిన ఎనిమిది నెలలు నడిచింది. మోకాలు దారికొచ్చింది.

ఆ ఆటలో నెలకో ఆదివారం వేటరోజు. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఒకే రకం జీవం వీధివీధినా పుట్టుకొస్తుంది. ఆ నెల వంతు బుంగమూతిది. ఆ మూడు గంటల్లోనే దాన్ని చివరి రెండు కిలోమీటర్లు నడిపించి, 'పెంచు' అన్న మీట నొక్కితే, అది పెద్దదై పిడుగుతుమ్ము అనే విద్య నేర్చుకుంటుంది. ఇంకో రోజు నొక్కినా పెరుగుతుంది గానీ తుమ్ము మాత్రం రాదు. తుమ్మురాని బుంగమూతిని పెంచి ఏం లాభం?

అందుకని ఆదివారం సెలవు పెట్టుకుంది వదిన. శనివారం సాయంత్రం తోటి టెక్నీషియన్ వచ్చి, "అక్కా, రేపు మా ఇంటికి చుట్టాలొస్తున్నారు, నా డ్యూటీ కాస్త..." అంది. వదినకి అన్నీ చేతనవును, కాదనడం తప్ప. ఆవిడ ఆదివారాలు చాలావరకు అలాగే ఎవరెవరి చుట్టాలకో ఖర్చయిపోయాయి.

ఎక్స్‌రే గదిలోకి ఫోను తీసుకెళ్ళనివ్వరు. మరిది పరుపుల కొట్టులో సేల్స్‌మన్, ఆదివారం ఖాళీ. వదిన అతని చేతిలో ఫోను పెట్టి, "రెండు కిలోమీటర్లు నడువు, మీట నొక్కు. ఇంకేమీ చెయ్యకు" అని చెప్పి వెళ్ళింది. వీధిలో అతన్ని రేడియో అంటారు. అతను పరుపు గురించి చెప్పడం మొదలుపెడితే, కొనడానికొచ్చినవాళ్ళు ఆ పరుపు మీదే నిద్రపోతారు. ఆ సంగతి తెలిసీ ఇచ్చింది.

వదిన డ్యూటీ దిగి వచ్చేసరికి అతను టీకొట్టు బెంచీ మీద ఉన్నాడు. పక్కన బస్సు తాతయ్య. ఈయన రిటైరైన డ్రైవరు, ఇప్పటికీ కూర్చుంటే ఒక కాలు బ్రేకు మీద ఉన్నట్టే కూర్చుంటాడు. టీకొట్టుని ఆనుకునే టైలరమ్మ దుకాణం. ఆవిడ పెదవుల మధ్య నాలుగు బొత్తాలు పట్టుకుని, ఒక్కొక్కటే తీసి చొక్కాలకు కుడుతోంది. వదిన ఫోను తీసుకుని చూసింది. బుంగమూతి, అదే గుప్పెడంత ఒళ్ళుతో, ఎన్నడూ లేనంత అలకతో చూస్తోంది.

"ఏమైంది?" అంది. అలా అడక్కుండా ఉండాల్సింది.

"ఏమైందా! బాబాయ్, వదినకో టీ. కూర్చోండి వదినా, ఇది నించుని వినే కథ కాదు. మొదట నేనూ పెద్దగా ఏమీ అనుకోలేదండీ. రెండు కొట్టగానే బేకరీ ముందు నిలబడి పది బుంగమూతుల్ని పట్టా. పదంటే పదే, పదకొండోది పట్టానని చెప్పను, అబద్ధం నాకు గిట్టదు."

"నిజమే. నీ దగ్గర పుట్టిన అబద్ధం ఇంతవరకూ గిట్టలేదు" అన్నాడు తాతయ్య.

"వినండి తాతయ్యా. అక్కణ్ణుంచి పార్కుకెళ్ళా. జనం! ఎవడి ఫోను వాడి చేతిలో, పడేవి పడుతున్నాయి, పారిపోయేవి పారిపోతున్నాయి. నేను గేటు తీశానో లేదో, ఏమైందో తెలుసా? పారిపోయే జీవాలు టక్కున ఆగి వెనక్కి చూశాయి. బంతి విసరనక్కర్లేదు, వల వెయ్యనక్కర్లేదు, 'రామ్మా' అంటే చాలు. ఒకటైతే వాళ్ళ తమ్ముణ్ణి కూడా వెంటపెట్టుకొచ్చింది."

"ఊఁ! ఊఁ!" అంది టైలరమ్మ, బొత్తాల వెనకనుంచి.

"అదిగో, అక్క కూడా ఊఁ కొడుతోంది" అన్నాడు మరిది. ఆ దుకాణం వైపు మాత్రం చూడలేదు. వదిన అది గమనించింది.

"ఇక నడక సంగతి. రెండు కిలోమీటర్లా? అదొక నడకా? పార్కు దాటా, వంతెన దాటా, స్టేషను దాటా, ఆ తర్వాతి స్టేషను కూడా దాటా. ముందు నేను, నా వెనక మన బుంగమూతి, దాని వెనక నేను పట్టినవన్నీ బారులు తీరి, వాటి వెనక జనం. నడిచి నడిచి చెప్పుల అడుగులు అరిగిపోయి పట్టీలు మిగిలాయి. ఆ పట్టీలు వేసుకుని ఇంకో గంట నడిచా."

"మరి కాళ్ళకున్నవేంటి?" అన్నాడు టీ బాబాయ్.

"ఇవా? దారిలో కొన్నా. అవీ అరిగాక ఇంకో జత. ఇది మూడోది."

"మూడు జతలూ ఒక్కచోటే తెగి, ఒక్కచోటే కుట్టించినట్టున్నాయే!"

"నడక తీరు బాబాయ్, నా నడక తీరు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆటవాళ్ళ ఆఫీసు నుంచి ఫోను. 'అయ్యా, గోదాములో బుంగమూతులు అడుగంటాయి, వేరే ఊళ్ళకి పంపడానికి ఒక్కటీ లేదు, తమరు కాస్త చెయ్యి ఆపాలి' అని ఏడుస్తున్నాడు పాపం పెద్దమనిషి. నా మనసు వెన్న కదా, పట్టినవాటిలో సగం వెనక్కిస్తానన్నా. ఒకదాని వెనక ఒకటి లారీలొచ్చాయి."

"ఫోన్లో జీవాలకి లారీలేంట్రా!" అన్నాడు తాతయ్య.

"మరెలా తీసుకెళ్తారు, చంకనెత్తుకునా?"

తాతయ్య బ్రేకు మీది కాలు గట్టిగా నొక్కాడు. టైలరమ్మ మళ్ళీ "ఊఁహూఁ!" అంటూ సూదితో ఏదో చూపించబోయింది. మరిది గొంతు పెంచాడు.

"ఇప్పుడు అసలు సంగతి. ఐదు కావస్తోంది. వదిన మాట గుర్తొచ్చింది, మీట మీద వేలు పెట్టా. పెట్టానో లేదో, బుంగమూతి ఉబ్బడం మొదలెట్టింది. దానితోపాటు ఫోను ఉబ్బింది, దాంతో నా చెయ్యి ఉబ్బింది. మేడల మీద ఆరేసిన బట్టలు వాటంతటవే మడతపడ్డాయి. మబ్బులు దిగొచ్చి కరెంటు తీగల మీద కూర్చున్నాయి. అది ముక్కు ఎగబీల్చింది. ఇక పిడుగుతుమ్మే! అది తుమ్మితే ముందు ఎగిరేది ఏది? ఆసుపత్రి. అందులో ఎక్స్‌రే గది. ఆ గదిలో ఎవరు?" అతను గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "మా వదిన. తల్లిలాంటి వదిన. ఒకపక్క తుమ్ము, ఒకపక్క వదిన. నేనేం చెయ్యను? బుంగమూతి ముక్కు మీద వేలు పెట్టి, 'వద్దమ్మా, ఈసారికి ఆపుకో' అన్నా. మహాతల్లి, ఆపుకుంది. అందుకే అది పెరగలేదు వదినా. మీకోసం నేనే పెరగనివ్వలేదు."

టీ బాబాయ్ చేతిలో గరిట ఆగిపోయింది. కథ అబద్ధమని తెలిసీ వదినకు కూడా, ఒక్క క్షణం, ప్రాణాలు దక్కించినవాణ్ణి తిడితే ఏం బాగుంటుంది అనిపించింది.

టైలరమ్మ ఆఖరి బొత్తం కుట్టి, దారం కొరికి, "హమ్మయ్య" అంది. "ఏమయ్యా, ఊళ్ళన్నీ తిరిగింది ఏ ఫోను? వదిన ఫోను మధ్యాహ్నం నువ్వే తెచ్చి నా మిషను పెడలుకి గుడ్డపేలికతో కట్టి పోయావుగా! ఇందాక నువ్వొచ్చి విప్పుకునేదాకా అది అక్కడే ఉంది. ఎందుకు కట్టాడా అని నేనూ మధ్యాహ్నం నుంచి తలబద్దలు కొట్టుకుంటున్నా."

మరిది ఎగిరి లేచాడు. "అంటే? మీరు తొక్కలేదా?"

"ఏం తొక్కను?"

"పెడలు! మీరు రోజంతా తొక్కుతూనే ఉంటారు కదక్కా! మీరు తొక్కితే ఫోను ఊగుతుంది, ఊగితే నడిచినట్టు లెక్క, ఐదు కిలోమీటర్లయినా రావాలే!"

"ఇవాళంతా చేతిపనే బాబూ. బొత్తాలు, కాజాలు. కాలు కదిపితే ఒట్టు."

తాతయ్య నవ్వు పొలమారి దగ్గులోకి దిగింది. "మరి పొద్దు వాలేదాకా ఈ బెంచీ మీద తిరిగిందేమిట్రా?"

"నోరు" అన్నాడు టీ బాబాయ్.

వదిన ఫోను తిప్పి చూసింది. బుంగమూతి కాళ్ళ దగ్గర 'ఇంకా రెండు కిలోమీటర్లు' అని ఉంది. ఒక్క అడుగు తగ్గలేదు.

"మరిదీ" అంది. "ఊపిరి బిగబట్టు. కదలకు."

అలవాటైన గొంతు అది, ఎంతటివాడైనా బిగబడతాడు. మరిది బుగ్గలు పూరించి కొయ్యబారిపోయాడు. వదిన నిదానంగా టీ తాగింది, గ్లాసు కింద పెట్టింది, లేచి ఇంటికి నడిచింది. 'ఇక వదులు' అని మాత్రం అనలేదు. ఆ వీధి అంత నిశ్శబ్దంగా ఉండటం అదే మొదలని తాతయ్య తర్వాత చెప్పాడు.

దారిలో ఆవిడకి మరిది మీద కోపం చాలాసేపు నిలవలేదు. రేడియోని నడవమంటే నడుస్తుందా? ఆదివారాన్ని చుట్టాలకిచ్చేసింది తనే.

సోమవారం పొద్దున్నే సూపర్‌వైజరు ముందు నిలబడింది. "నెలకో ఆదివారం నేను డ్యూటీకి రాను. ఏ ఆదివారమో ముందే చెబుతాను."

"ఏమైనా పనా?"

"నడవాలి."

"వేరే రోజు నడవకూడదా?"

"కూడదు."

బుంగమూతిని ఆవిడ అలాగే, పెంచకుండా, అలకతోనే వెంటపెట్టుకు తిరిగింది. ఏడాది చివర, వేటరోజు తప్పిపోయిన జీవాలన్నిటికీ కలిపి ఇంకో వేటరోజు ప్రకటించారు. ముందురోజు సాయంత్రం తోటి టెక్నీషియన్ తలుపు దగ్గరికొచ్చింది.

"అక్కా, రేపు మా చుట్టాలు..."

"నేను రాను" అంది వదిన. నోరు తిరగని మాటేమీ కాదు, అంటే వచ్చేసింది.

మర్నాడు ఆవిడే నడిచింది, ఆవిడే నొక్కింది. ఆ తుమ్ముకి మూడు వీధుల అవతల కిటికీ అద్దాలు పగిలాయని రేడియో ఇప్పటికీ చెబుతున్నాడు. ఆ తర్వాత వేటరోజులు చాలా వచ్చాయి. వాటిలో ఒక్క రోజూ వదిన డ్యూటీకి వెళ్ళలేదు.