పెట్టె దొరికింది కదా మేడం

అది కాదు కావ్య మేడం, పెట్టె దొరికింది, దొంగా దొరికినాడు. ఇంక నన్ను పొద్దున్నుంచి ఈ కుర్చీలో కూర్చోబెట్టి అడిగిందే అడుగుతాంటే ఎట్ల? మీ రేడియేషన్ ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చిన ఆఫీసర్లు గట్టిగా అరిస్తే నాకు అలవాటే. మీరింత నెమ్మదిగా మాట్లాడ్తాంటేనే భయం.

మల్లా రాసుకోండి. పేరు తిమ్మప్ప. మాది కదిరి పక్కన. గచ్చిబౌలిలో కట్టే టవర్లలో పైపుల అతుకులకు ఫొటోలు తీసే పని. లోపల పగులుంటే ఆ రేడియేషన్ పెట్టె పట్టిస్తాది. దాన్ని వ్యాన్‌లో పెట్టి టీ తాగను పోతి, వచ్చేసరికి లేదు. పోలీసులకూ ఇదే చెప్తి గదా.

ఏమి, దొంగ అట్ల చెప్పలేదా?

మణికొండలో మా ఇంట్లోంచి ఎత్తుకపోయినా అన్నాడా. అవునా.

సరే మేడం. ఇంట్లోనే ఉండె. పని అయినాక పటాన్‌చెరు యార్డుకు తీసుకపోయి, ఆడ దీనికోసమే కట్టిన గుంతలో పెట్టి తాళం వేయల్ల. అది రూలు. ఆ ట్రాఫిక్‌లో పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. సూపర్‌వైజరే అన్నాడు, మీ ఇంట్లో పెట్టుకో, గుంతలో పెట్టినట్ల నేను రాసుకుంటాలే అని. ఎనిమిది నెలలాయె. దాని చుట్టూ మందంగా కవచం ఉంటాది, ఏమీ కాదన్నాడు. నమ్మినా.

దసరాకు ఆయుధపూజ చేస్తిమి. మాకు కూడు పెట్టే సామాను గదా. మా ఇంటామె శ్రావణి పెట్టెకంతా పసుపు మెత్తి, ఇంతింత కుంకుమ బొట్లు పెట్టె. మీ మూడు రెక్కల రేడియేషన్ గుర్తు, ఎర్ర అక్షరాలు, అన్నీ పసుపు కింద పాయె. పూజ చేసిన పసుపు తుడవకూడదని అట్లే వదిలేసింది. దొంగోడు చూసినాడు. మోయలేనంత బరువు, రెండు తాళాలు, పైన పసుపు కుంకుమ. బంగారం అనుకోడా? మదీనాగూడలో పాత సామాన్ల కొట్టు ఎనక పై పెట్టె పగలగొడితే, లోపల దానిమీద ఆ గుర్తు కనపడె. ఆడనే వదిలేసి పారిపోయె. లోపలి సీలు కదల్లేదని మీ మీటరే చెప్పింది. ఊర్లో ఎవురికీ ఏమీ కాలేదు. ఇంక కేసేముంది?

బ్యాడ్జినా? దాని సంగతి ఇప్పుడెందుకు మేడం?

తెలుసు. చొక్కాకు తగిలించుకునే బిళ్ళ. ఒంటికి ఎంత తగిలిందో మూడు నెలలకొకసారి ల్యాబులో చూసి చెప్తారు. రిపోర్టు వచ్చిందా. ఎక్కువుందా.

ఎంత?

ఇంకొకసారి చూడండి. పక్క పేరు చూసినారేమో. తిమ్మప్ప అనే ఉందా?

వద్దు మేడం. నన్ను దవాఖానకు పంపే పని లేదు. ఆ బిళ్ళ ఈ మూడు నెలలూ నేను పెట్టుకోలేదు.

చెప్తా. నీళ్ళు తాగి చెప్తా.

శ్రావణి ఆ పెట్టె మీదే, పసుపు చెడకుండా బొంత పరిచి, కూర్చొని కూరగాయలు తరుగుతాది. ఫోను చూసుకుంటాది. నడుం నొప్పి, కింద కూర్చోలేదు. ఇప్పుడు ఆరో నెల. నెల తప్పిందని చెప్పిన రోజే నాకు భయమైంది. ఆ రోజే పెట్టె తీసేసి ఉంటే అయిపోయేది. యార్డుకు తీసుకపోతే, ఇన్నాళ్ళు యాడ పెట్టినావని అడుగుతారు, పని పోతాది. దాని మీద నుంచి లెమ్మని చెప్తే ఎందుకంటాది. ఏమి చెప్పల్ల? ముందు బిళ్ళ ఏం చెప్తాదో చూద్దాం, తక్కువే వస్తాదిలే అనుకుంటి.

కంపెనీ వాళ్ళు ఇచ్చినారు, కడుపుతో ఉండేవాళ్ళకు దిష్టి తగలదంట అని చెప్పి, ఆమె జాకెట్టుకు నా చేత్తోనే పిన్నీసు పెడ్తి. పిచ్చిది, నమ్మింది. దినామూ స్నానం చేసినాక మరిచిపోకుండా తగిలించుకునేది.

ఆ కాగితంలో పేరు నాది మేడం. తగిలింది శ్రావణికి.