లేత్ కింద పియాలా

మర్గిలాన్‌లో హయత్‌బాయ్ ఉస్తా ఇంటి వాకిట్లో రేకుల షెడ్డు. ఇనుము తిప్పే పాత లేత్ పక్కన ఆ ముసలి గురువు, ఆయన శిష్యుడు తోల్మస్.

“...అంతేగానీ, నూనె కారే లేత్‌ని నా నెత్తిన వదిలేసి రేపు సొంత షెడ్డు తెరుస్తానంటే నేనొప్పుకోనురా తోల్మస్.”

“ఒప్పుకోకపోతే ఎట్లా ఉస్తా? రేపటికి పలావు చెప్పేశాను. వీధి వీధంతా వస్తోంది. ఇమాం గారొస్తున్నారు. మా మామగారు రిష్తాన్ నుంచి గొర్రెని కూడా పంపేశారు.”

“రానీ. తిననీ. నేనొద్దన్నానా?”

“తిన్నాక అడుగుతారుగా, ఏరా, మీ ఉస్తా నీకు నడికట్టు కట్టాడా అని. నేనేం చెప్పాలి?”

“ఇంకా కారుతోందని చెప్పు.”

“నవ్వుతారు ఉస్తా.”

“నవ్వనీ.”

“నవ్వి ఊరుకోరు. ఉస్తా తన చేత్తో నడికట్టు కట్టి దీవించనివాడి దగ్గరికి ఎవడు పని తెస్తాడు? పని నేర్చుకోమని ఎవడు తన కొడుకుని పంపుతాడు? షెడ్డు కట్టుకుని అందులో ఈగలు తోలుకోవాలి నేను.”

“ముందా గేర్‌బాక్సు కారడం ఆపు. ఆపిన రోజు కడతాను. మొదట్నించీ ఒకటే మాట.”

“మీసం రాకముందు వచ్చాను మీ దగ్గరికి. ఇప్పుడు గడ్డం నెరుస్తోంది. మాట మాత్రం మారలేదు.”

“మారుస్తానని ఎప్పుడన్నా అన్నానా?”

“ఎల్లుండి మీ అమ్మాయి వచ్చి మిమ్మల్ని తాష్కెంట్ ఆసుపత్రికి తీసుకుపోతుంది. అక్కడ... ఏమో. ఇవాళ కాకపోతే నాకింకెప్పుడు?”

“అంటే నేను తిరిగి రాననా?”

“అనలేదు.”

“అనకపోతేనేం, అనుకున్నావు.”

“గుండె ఆపరేషన్ ఉస్తా. నాకు భయంగానే ఉంది. దాచడం దేనికి.”

“...సరే సరే. లేత్ కింద పెట్టిన ఆ పియాలా గిన్నె ఎంత నిండిందో చూడు.”

“చూద్దాంలెండి. అసలు మీ చేత్తో ఒక్కడికైనా నడికట్టు కట్టారా ఉస్తా? నాకన్నా ముందు వచ్చినవాళ్ళంతా ఈ నూనె తుడిచి తుడిచి విసిగిపోయారు. ఒకడు టాక్సీ తోలుతున్నాడు, ఒకడు రష్యాలో ఇటుకలు మోస్తున్నాడు.”

“వాళ్ళకి ఓపిక లేదు.”

“నాకుంది. ఏం ఒరిగింది? అట్ట ప్యాకింగ్ వేశాం. రబ్బరు వేశాం. మీ ఇంట్లో అమ్మగారు దాచుకున్న ఉన్ని నమ్దా తివాచీ కత్తిరించి వేశాం, ఆవిడతో తిట్లు తిన్నాం. సిందూరం నూనెలో కలిపి పూశాం. జిగురు పూశాం.”

“బట్టల సబ్బు కూడా కుక్కాం.”

“సబ్బు మీ బుద్ధే.”

“కొన్నాళ్ళు ఆగిందిగా.”

“ఆగలేదు, నురగొచ్చింది. ట్రాక్టర్ల చిక్కటి ఆయిల్ పోసినప్పుడైతే బేరింగే కాలిపోబోయింది. ఎంత మూస్తే అంత కారింది. ఇనుప ముక్కని పట్టే ఆ చక్ వెనక నుంచి చుక్క చుక్క, చుక్క చుక్క. నా పెళ్ళినాడు కూడా గోళ్ళలో ఈ నూనే.”

“ఈ సొదంతా ఇప్పుడెందుకు? పియాలా చూడమన్నాను.”

“మీరే చూడండి.”

“నా కళ్ళకి పొర కమ్మిందని తెలిసీ...”

“వేలు పెట్టి చూడండి. ఇదుగో, చెయ్యి ఇట్లా ఇవ్వండి.”

“...పొడిగా ఉందే.”

“ఊఁ.”

“ఎవరు తుడిచారు?”

“ఎవరూ తుడవలేదు.”

“అయితే మోటారు వెయ్యలేదన్నమాట.”

“పొద్దున్నించీ తిరుగుతూనే ఉంది. మీరు టీకొట్టు నుంచి వచ్చేదాకా.”

“లోపల ఆయిల్ అయిపోయుంటుంది.”

“ఆయిల్ చూసే అద్దంలో నిండుగా కనపడుతోంది.”

“వెయ్యి. నా ముందర వెయ్యి... వేగం పెంచు. ఇంకా. ఇంకా పెంచు... ఆఁ, ఇక ఆపు. ఇప్పుడు చక్ వెనక పెట్టు నా చెయ్యి.”

“ఇదుగో. చూసుకోండి.”

“చుక్క లేదు.”

“లేదు.”

“తోల్మస్, ఎట్లా చేశావురా? ఏం మందు రాశావు?”

“ఏ మందూ రాయలేదు. ప్యాకింగ్ కూడా పాతదే.”

“మరి?”

“మొన్న కోకంద్‌లో పాత ఇనుము కొట్టుకి వెళ్ళాను. అక్కడ మన లేత్‌కి తోడబుట్టినదాన్ని పగలగొడుతున్నారు. అదే కంపెనీ, అదే సైజు. దాని గేర్‌బాక్సు చూశాను. ముందు బేరింగ్ కింద, చిటికెన వేలు పట్టేంత బెజ్జం ఉంది. బేరింగ్‌లోకి వచ్చిన ఆయిల్ ఆ బెజ్జంలోంచి మళ్ళీ లోపలికి దిగిపోతుంది. మనదాంట్లో ఆ బెజ్జం కనపడదు.”

“ఎట్లా కనపడుతుంది, లేందే? నేనెన్నిసార్లు విప్పానో. అక్కడేం లేదు.”

“ఉంది ఉస్తా. పైన ఎర్ర పెయింటు. గీకాను. కింద ఇత్తడి తగిలింది. ఇదుగో, పట్టుకోండి.”

“ఏమిటిది?”

“మీకు తెలీదా?”

“చేతిలో పెట్టి, తెలీదా అంటావేంరా.”

“బిరడా. బెజ్జానికి సరిగ్గా సరిపడేలా లేత్ మీద తిప్పి, లోపలికి కొట్టి, కనపడకుండా పెయింటేశారు. లోపలికి దిగాల్సిన ఆయిల్ దారి లేక బయటికొచ్చేది. తెలియక చేసిన పని కాదిది. మర్గిలాన్‌లో ఇత్తడిని ఇంత నున్నగా తిప్పే చెయ్యి ఒక్కటే ఉంది.”

“నా చెయ్యంటావు.”

“నన్నేమనమంటారు? నేను వెళ్ళిపోకూడదనేగా. అడిగితే ఉండేవాణ్ణి కదా ఉస్తా. ఒక్కమాట, ఉండరా అంటే ఉండిపోయేవాణ్ణి. మా ఆవిడ ఎన్నిసార్లు ఏడ్చిందో తెలుసా, ఇంకెప్పుడు, ఇంకెప్పుడు అని? నేనెళ్ళి ఏం చెప్పాలి దానికి? ఈ వేలెడంత ఇత్తడి ముక్క చూపించాలా?”

“ఆగు. కాసేపు మాట్లాడకు... దీని తల మీద గీతలున్నాయి.”

“ఉన్నాయి.”

“రెండు. ఒకటి లోతుగా, ఒకటి పైపైన.”

“అయితే?”

“నేను చేసిన ఏ పని మీదైనా గీతలు పెట్టడం చూశావా నువ్వు?”

“...లేదు.”

“ఇట్లా పెట్టేది మా ఉస్తా. సాబిర్ ఉస్తా. చిన్న మరమేకు చేసినా సరే, గీతలు పెట్టకుండా చేతిలోంచి జారనిచ్చేవాడు కాదు.”

“సాబిర్ ఉస్తానా? ఆయన దీంట్లోకి ఎందుకొస్తాడు?”

“పట్టు మిల్లు షెడ్డులో ఉన్నప్పుడు ఈ లేత్ ఆయనదే. నాకు తాష్కెంట్‌లో ఫ్యాక్టరీ పనికి పిలుపొచ్చింది ఓ చలికాలం. ఆ చలికాలమే మొదలైంది కారడం. అప్పటిదాకా చుక్క లేదు, అందుకే అంతకుముందు నేను విప్పి చూసింది లేదు. బాగుచేసి వెళ్ళు, అన్నాడు. ఇక వెళ్ళింది లేదు.”

“అయితే మీకు... మీకు దీని సంగతి తెలీదా?”

“తెలిస్తే నీతో కూర్చుని సబ్బు కుక్కేవాణ్ణట్రా?”

“ఉస్తా, కూర్చోండి.”

“ఎంత నున్నగా తిప్పాడో చూడు. ఎక్కడా గరుకు తగలడం లేదు.”

“ఆ ముక్క ఇటివ్వండి. నేనన్నదంతా మర్చిపోండి, తప్పయింది. అమ్మగారిని టీ పెట్టమంటాను.”

“వద్దు. ఆమెతో అనకు ఇదంతా.”

“అననులెండి. అయినా ఇప్పుడేం మించిపోయింది? కారడం ఆగింది కదా, మీరన్న మాట ప్రకారమే. రేపు అందరి ముందూ నాకు కట్టండి. కొత్త బట్ట కూడా వద్దు. ఆ మేకుకి వేలాడుతోందే, ఆ మీ నడికట్టే కట్టండి.”

“అది వద్దు.”

“సాబిర్ ఉస్తా ఎట్లాంటివాడైనా, ఆయన చేత్తో మీకు కట్టింది కదా. నాకదే కావాలి.”

“అది వద్దన్నానా.”

“ఏం, నేను తగనా?”

“తగవని ఎవడన్నాడురా.”

“మరి?”

“ఆయన మంచం పట్టినప్పుడు వెళ్ళి, కట్టమని అడిగాను. ఇంకా కారుతోందా, అన్నాడు. కారుతోందన్నాను. గోడవైపుకి తిరిగి పడుకున్నాడు.”

“అయితే మరి... ఈ నడికట్టు?”

“ఆయన పోయిన నలభయ్యో రోజు భోజనాలయ్యాక, ఊళ్ళో అందరూ అడుగుతారని బజారుకెళ్ళి నేనే కొనుక్కున్నాను.”