కంపెనీని నిద్రపుచ్చిన పరుపు

భీమడోలు స్టేషను రోడ్డులో, వెంకటలక్ష్మి గారి టీ బడ్డీ దగ్గర మదార్ గారు నోరు విప్పారంటే, పొయ్యి మీద పాలు కూడా పొంగడం మానేసి వింటాయని మా ఊరి రైతు అచ్యుతరావు గారు అంటుంటారు. మదార్ గారిది పక్కనే దూదేకే షాపు. పాత పరుపు పట్టుకెళ్తే విప్పి, దూది ఎండబెట్టి, ఏకి, కొత్త గలీబు వేసి కుట్టిస్తారు. తాతల నాటి పని. జనం ఫోన్లో నొక్కి ఫోము పరుపులు తెప్పించుకోవడం మొదలుపెట్టాక ఆయన షాపులో కన్నా బడ్డీ దగ్గరే ఎక్కువ కనిపిస్తున్నారు.

ఆ మధ్యాహ్నం వెంకటలక్ష్మి గారు ఫోన్లో పరుపు బొమ్మలు చూస్తూ, "ఇదే ఆర్డరు పెట్టేస్తానండీ. మా ఆయన నడుం నొప్పితో ఎన్నాళ్లని చాప మీద పడుకుంటారు?" అన్నారు.

మదార్ గారి గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. ఊళ్లో ఆయనకి మిగిలిన కాసిని పరుపుల్లో ఒకటి చేజారిపోతోందని అందరికీ అర్థమైంది.

"ఆగమ్మా, ఆగు. ఆ పెద్ద కంపెనీదేనా? అయ్యో, వాళ్లని మొన్ననేగా నేను తిప్పి పంపించింది! వినలేదా మీరు? ఫణికిరణ్ అని ఒకాయన, టై కట్టుకుని, ఇన్నోవేషన్ హెడ్డంటండీ, కారు మన రైలు గేటు దగ్గర ఆగిపోతే ఎండకి తాళలేక మా షాపులోకొచ్చాడు. మా ఇంటావిడ హలీమా మజ్జిగిచ్చింది. ప్రాణం చల్లబడ్డాక మొదలెట్టాడండీ, ‘మా పరుపులో చిప్పు ఉంటుంది, రాత్రి మీరెన్నిసార్లు పొర్లారో పొద్దున్నే ఫోన్లో చెబుతుంది’ అని. మనం పొర్లిన సంగతి మనకి తెలియదా అండీ? తెలియకపోతే పక్కన పడుకున్నవాళ్లు చెప్పరా? ‘ఏడాదికో కొత్త మోడల్ తెస్తాం, పాతది పారేయాలి, ఈ చుట్టుపక్కల దూది పరుపన్నదే లేకుండా చేస్తాం, అదే మా టార్గెట్’ అన్నాడు. నాకు ఒళ్లు మండింది గానీ, గుమ్మంలోకొచ్చినవాడు కదా, ‘కూర్చోండి బాబూ’ అని కుట్టి పెట్టిన పరుపు చూపించాను. కూర్చున్నాడు. అంతే, నిద్రపోయాడు."

"ఎండన పడి వచ్చి మజ్జిగ తాగినవాడు నిద్రపోక ఏం చేస్తాడండీ?" అన్నారు అచ్యుతరావు గారు.

"మామూలు నిద్రా అండీ అది! కారు బాగైంది, డ్రైవరు హారన్ కొట్టాడు, లేవలేదు. గూడ్సు బండి చెవి పక్కనే కూత వేసింది, లేవలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లేపుదామని డ్రైవరు పరుపు అంచు మీద కూర్చున్నాడు, వాడూ ఒరిగిపోయాడు. ఏలూరు బ్రాంచి మేనేజరొచ్చాడు, ఆయనా అంతే. తాడేపల్లిగూడెం నుంచి సేల్స్ కుర్రాళ్లు జీపేసుకుని వచ్చారు, వచ్చినవాళ్లు వచ్చినట్టే పడిపోయారు. హెడ్డాఫీసు ఖాళీ అయిపోయిందండీ! ఫోనెత్తేవాడు లేడు. వాళ్ల చిప్పుల పరుపులు మెసేజీలు పంపుతూనే ఉన్నాయి, చూసే దిక్కు లేదు."

"అంతమందీ ఒక్క పరుపు మీద పట్టారా బాబాయ్ గారూ?" వెంకటలక్ష్మి గారు టీ వడపోస్తూ అడిగారు.

"కాళ్లు బయట పెట్టుకున్నారమ్మా. ఆఖరికి వాళ్ల ఎండీనే దిగాడు, హెలికాప్టర్లో, గుండుగొలను దగ్గర హైవే పక్క చేలో. ‘నీ షాపు నాకు అమ్మేయి’ అన్నాడు. అమ్మనన్నాను. ‘అయితే నీ ఎదురుగా పది షాపులు పెడతా, పరుపులు ఉత్తినే పంచుతా, నువ్వు తలుపులేసుకున్నాక రేటు పెంచుకుంటా’ అన్నాడు. చూశారా అండీ బుద్ధి! పోటీకి రమ్మని మిషను కూడా దించాడు. మిషనంటే ఏమనుకున్నారు, మన స్టేషనంత! ఊరి దూదంతా గంటలో ఏకేస్తుందంట. స్విచ్చి వేశాడు, ఏలూరు దాకా కరెంటు పోయింది. నేనేం తొందరపడలేదండీ. అటక మీంచి మా తాత దూదేకిన విల్లు దించాను, దూది ముందు కూర్చున్నాను, నారి ఒక్కసారి మీటాను, టుంయ్! దూది లేచింది. షాపు నిండింది, రోడ్డు నిండింది, రైలు డ్రైవరు మంచు పట్టిందనుకుని బండి ఆపేశాడు, మండుటెండలో! ఇంకోసారి మీటాను. హైవే దాటేసి కొల్లేరు మీదికి తేలిపోయిందండీ, తెల్లటి మబ్బయిపోయి. కైకలూరు వాళ్లు గొడుగులు తీశారు. గూడబాతులు చెట్లు వదిలేసి దాని మీద గుడ్లు పెట్టాయి. చేపల చెరువు గట్ల కోసం కొట్టుకుంటున్న వాళ్లు కూడా కొట్లాట ఆపి పైకి చూశారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎండీ హెలికాప్టరేసుకుని తరుముకుంటూ వెళ్లి అందులో కూరుకుపోయాడు. ఇప్పటికీ అక్కడే నిద్రపోతున్నాడు, గుడ్ల పక్కన!"

అచ్యుతరావు గారు గ్లాసు కింద పెట్టారు. "ఏవండీ, అంత మహత్తున్న దూది ఎవరిదండీ?"

మదార్ గారి చూపు వెంకటలక్ష్మి గారి ఫోను మీద పడింది. పోయే కస్టమర్ని కాస్త మెచ్చుకుంటే ఆగుతుందనుకున్నారు కాబోలు.

"ఇంకెవరిదండీ, మన వెంకటలక్ష్మిది! వాళ్ల అత్తగారి నాటి దూది. మా నాన్న ఏకాడు, నేను ఏకాను, ఏకినప్పుడల్లా పడుచుదవుతుంది గానీ ముసలిదవదు. అదే ఫోమైతే ఈపాటికి ఏ కాలవలోనో తేలుతుండేది. ఇలాంటి దూది పెట్టుకుని ఆ పరుపు కొంటావా అమ్మా?"

"అయితే మా దూది కొల్లేరు మీద ఉందన్నమాట," అన్నారు వెంకటలక్ష్మి గారు నెమ్మదిగా.

"ఉందమ్మా, దర్జాగా!"

"ఎండలు రాకముందు ఏకమని మీకిచ్చిన దూదేగా బాబాయ్ గారూ?"

"అదే... అదేనమ్మా."

"అయితే అది పోయినట్టే కదండీ. మీ చేత్తో మీరే ఎగరగొట్టానంటున్నారు. కొత్త దూది మీరే కొని, పరుపు కుట్టివ్వండి."

"సాక్ష్యానికి మేమున్నామండీ," అన్నారు అచ్యుతరావు గారు.

అందరం మదార్ గారి మొహమే చూస్తున్నాం. ఎగిరిందంటే దూది కొనాలి. ఎగరలేదంటే హెలికాప్టరూ గూడబాతులూ ఎండీ అన్నీ పోతాయి. పాపం, ఎండీని వదులుకోవడం ఆయనకి చాలా కష్టమైంది.

"ఎగరలేదమ్మా," అన్నారు చివరికి. "గోతంలోనే ఉంది. మూతి కూడా విప్పలేదు."

బడ్డీ అంతా గొల్లుమంది. ఆయన మాత్రం నవ్వలేదు.

"ఒక్క పరుపు కోసం మా షాపులో ఏకే మిషను తిప్పడానికి మనసొప్పలేదమ్మా. ఇంకో నాలుగు వస్తే అన్నీ కలిపి ఏకుదామని కూర్చున్నాను. ఒక్కటీ రాలేదు. ఇవాళ నీదీ పోతుందేమోనని భయమేసింది."

వెంకటలక్ష్మి గారు ఫోను ఆర్పి, చక్కెర డబ్బా పక్కన బోర్లించారు.

"రేపు సాయంత్రం దాకా ఆర్డరు పెట్టనండీ," అన్నారు. మదార్ గారి మొహం వెలిగింది. "రేపు సాయంత్రం దాకా ఎందుకమ్మా, నేను తలుచుకుంటే..." అని ఆయన మొదలెట్టబోయేలోగా ఆవిడే అందుకున్నారు.

"కంపెనీలో పరుపు చేసేవాళ్లు వేరు, గొప్పలు చెప్పేవాళ్లు వేరు బాబాయ్ గారూ. మీ షాపులో రెండు ఉద్యోగాలూ మీవే. మా పరుపు వచ్చేదాకా రెండోదానికి సెలవు పెట్టండి."